తెరచాపకే దారి

లౌటోకా రేవులో ఆవిరి లాంచి కూత వినబడితే ఇప్పటికీ నా కుడి చెయ్యి బిగుసుకుంటుంది. బొగ్గు పొగా, చెరకు మిల్లు మడ్డి వాసనా కలిసి ముక్కుకి తగిలితే ఇక చెప్పనక్కర్లేదు, అప్పలసామి మావ గుర్తొచ్చేస్తాడు. మావంటే మేనమామ కాదు. భీమిలి వైపు జాలరి. గిర్మిట్, అంటే ఈ దీవుల్లో చెరకు తోటకి రాసిచ్చిన అయిదేళ్ళ కూలీ ఒప్పందం, ముగించుకుని, చిన్న తెరచాప పడవ సంపాదించి, నాందీ నుంచి లౌటోకాకి సరుకులు మోసేవాడు.

నా అయిదేళ్ళ గిర్మిట్ అయిపోయిన కొత్తలో ఎక్కడా పని దొరకలేదు. దొరక్కపోతే మళ్ళీ తోటకి వేలిముద్ర వెయ్యడమే. మా ఆవిడ నూకాలు తెగేసి చెప్పింది: "నువ్వెళ్తే ఎళ్ళు. ఆ కూలీ లైన్ల గదిలోకి నేను మాత్రం రాను." అన్నంత పనీ చేసే మనిషి. అందుకే మావ కాళ్ళావేళ్ళా పడ్డాను. "చుక్కాని పట్టడం వొస్తే ఉంచుతాను, లేదంటే లేదు" అన్నాడు.

ఒక మధ్యాహ్నం మంచి గాలిలో పోతున్నాం. చుక్కాని నా చేతిలో ఉంది. ఎదురుగా తోట లాంచి వస్తోంది. అందులో నిలబడ్డవాడు మా పాత కులంబర్. తోట మీది తెల్లదొరని అలా అనేవాళ్ళం. ఆయన టోపీ కనిపిస్తే చాలు, అయిదేళ్ళూ దారి దిగి చేలో నిలబడ్డవాణ్ణి. చెయ్యి దానంతటదే చుక్కాని తిప్పేసింది. సరిగ్గా అప్పుడే లాంచి కూడా అటే తిరిగింది! మావ ఒక్క గెంతున వచ్చి చుక్కాని లాక్కోకపోతే చేపలకి మేతైపోదుం.

"ఎవడు తప్పుకోమన్నాడ్రా నిన్ను?"

"దొర కదా మావా…"

"దొరేటి, దొర! అది ఆవిరి మీద పోతాది, ఎటు కావాలంటే అటు తిరగ్గలదు. మనకి గాలే దిక్కు. అదే తప్పుకోవాల, మనం తిన్నగా పోవాల. ఇద్దరూ తప్పుకుంటే గుద్దుకుంటార్రా! ఇంకోపాలి తిప్పేవంటే పడవ దిగిపో."

పొగరనుకునేరు, కాదు. ఈ దీవుల అసలు మనుషులు, కాయివీతీ జాలర్లు, వల వేసుకుని కనిపిస్తే, గాలి పోగొట్టుకుని మరీ చుట్టు తిరిగేవాడు. "వలేసినోడు కదల్లేడు, మనమే కదలాల" అనేవాడు. కదలగలిగినవాడే తప్పుకోవాలి, ఆయన పద్ధతంతా అంతే.

కొన్నాళ్ళకి మళ్ళీ అదే లాంచి, అదే మనిషి. తిప్పితే పని పోతుంది, పనితోపాటు నూకాలూ పోతుంది. మావ వెనక్కి చూడలేదు, తెరచాప తాడు పట్టుకుని కూర్చున్నాడు. నేను పళ్ళు బిగబట్టి తిన్నగా పోనిచ్చాను. చివరికి లాంచే పక్కకి తిరిగింది.

రేవులో దిగగానే కులంబర్ చేతికర్ర ఊపుకుంటూ మా మీదికి వచ్చాడు. "చుక్కాని ఎవడిది? నా లాంచి కనబడలేదా?" అని హిందీలో అరిచాడు. మావ నా వంక చూశాడు.

"నాదే దొరా. కనబడింది. అందుకే తిప్పలేదు."

ఆ మాట ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. కర్ర లేచింది. లాంచి నడిపే ముసలి తెల్లాయన వెనక నుంచి ఇంగ్లీషులో రెండు ముక్కలన్నాడు, దారి వాళ్ళదేనని. కర్ర దిగింది. కులంబర్ ఎర్రబడ్డ మొహంతో వెళ్ళిపోయాడు.

మావ శెభాష్ అనలేదు. తిరుగు ప్రయాణంలో చుక్కాని నాకే వదిలేసి, బస్తాల మీద తువ్వాలు పరుచుకుని గుర్రు పెట్టి నిద్రపోయాడు. నూకాలికి లైన్ల మొహం మళ్ళీ చూడాల్సిన పని లేకపోయింది.

మావ పోయి చాలాకాలమైంది. ఆయన మీద బెంగ మాత్రం పోలేదు. ఇప్పుడు ఎదురుగా ఎవరొచ్చినా నేను ముందు వాళ్ళ మొహంలోకి చూస్తాను. అయిదేళ్ళపాటు నేల తప్ప ఇంకేమీ చూడనివాణ్ణి.