ఎవరి వాకిలీ కాని చోటు

నిన్న సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఉప్పుబురద వాసన వచ్చింది. జువ్వలదిన్నె దారిలో ఒక పల్లెలో కాలవగట్టు పని చూసి వచ్చాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు సుగుణమ్మ గారు గుర్తొస్తారు. గుర్తొచ్చినప్పుడల్లా మనసు తికమకపడుతుంది. ఆవిడ నాకు నేర్పింది ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

గూడూరు దగ్గర నిమ్మతోటల ఊరి పిల్లను నేను. చదువయ్యాక నెల్లూరులో ఒక చిన్న సేవాసంస్థలో చేరితే నా పై అధికారి ఆవిడే. రిటైరైన టీచరు, ఆదివారం చర్చి మానని మనిషి, నవ్వినా ముఖంలో పెద్దగా తెలిసేది కాదు. మా ఇద్దరినీ సముద్రం పక్కన ఒక జాలర్ల పల్లెకు పంపారు. పోటు వచ్చినప్పుడల్లా ఇళ్ల ముందరి ఏటి ఉప్పునీరు ఊళ్లోకి ఎక్కేది. ఉన్న ఒక్క మంచినీళ్ల బావి చెడిపోతే ఊరే ఖాళీ అయిపోవాలి. తుఫాన్లు మొదలయ్యేలోపు మట్టికట్ట వేయించడం మా పని.

ఊరివాళ్లతో మీటింగులో నేను చార్టులు విప్పబోతే ఆవిడ వద్దన్నారు. యూదుల లేఖనాల్లోని నెహెమ్యా కథ చెప్పారు. కూలిపోయిన యెరూషలేము గోడను అతను ఊరివాళ్ల చేతే లేపించాడట, చాలామంది ఎవరింటి ఎదుటి ముక్క వాళ్లే కట్టుకున్నారట. "పొద్దున్నే ఎవురి వాకిలి వాళ్లు ఊడ్చుకుంటారు గదమ్మా. కట్ట గూడా అంతే," అన్నారు.

ఆడవాళ్లకు ఆ మాట వెంటనే పట్టింది. మర్నాటి నుంచే గంపలు లేచాయి. పక్కింటివాళ్లకంటే తమ ముక్క ఎత్తుగా ఉండాలని పంతాలకు పోయారు. నా సంతోషం అంతా ఇంతా కాదు. తీరా చూస్తే వలలు ఆరేసే చోట కట్ట లేవలేదు. అక్కడ ఎవరి ఇల్లూ లేదు, ఉమ్మడి జాగా. అక్కడ ఎవరు మన్ను పోసినా, జాగా కాజేస్తున్నారని మిగతావాళ్లు మీదికొస్తారు. అందుకే ఎవరూ ఆ పక్కకు పోలేదు.

"ఇప్పుడెట్లా టీచర్?" అని అడిగాను.

"ఆడ ఇల్లు లేదనే గదా. ఉంటే సరిపోతాది," అన్నారు.

తాటాకులతో చిన్న పాక వేయించి, ట్రంకుపెట్టె, స్టవ్వు తెచ్చుకుని అందులో దిగారు. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, గంప ఎత్తారు. నేనూ ఎత్తాను. సాయంత్రానికి ఊరంతా వచ్చింది, సాయానికి మాత్రం కాదు.

"ఏందమ్మా, మా వలల జాగా మీద పడినారు? రేపు పట్టా గూడా తెచ్చుకుంటారా?" అని పోలమ్మ నిలదీసింది. మొన్నటిదాకా మాకు చేపలపులుసు పంపిన మనిషి. సుగుణమ్మ గారు ఇంకో గంప మన్ను పోశారు.

తెల్లారేసరికి ఊరు మొత్తం గంపలతో దిగింది. "ఇది ఆమె కట్ట గాదు, మన కట్ట," అని చెప్పుకుంటూ కోపంకోపంగా మన్ను పోశారు. మా కళ్లముందే ఖాళీ పూడిపోయింది. ఆవిడ పాక విప్పించి, ట్రంకుపెట్టె ఆటోలో పెట్టించారు.

"ఇట్లా జరుగుతుందని మీకు ముందే తెలుసా టీచర్?" అని దారిలో అడిగాను.

"నెహెమ్యా మీద గూడా ఏసినారు ఈ నింద. రాజు కావాలని గోడ కడతాండాడని."

"మరి మీకు తెలుసా?"

"పోలమ్మ మాటకు బాధేసింది పాపా," అని కొంగుతో కళ్లొత్తుకున్నారు. నేనడిగింది అది కాదు. మళ్లీ అడగడానికి మనసొప్పలేదు.

ఆ ఏడు తుఫాను వచ్చింది, బావి నిలిచింది. సుగుణమ్మ గారు మళ్లీ ఆ ఊరు వెళ్లకుండానే పోయారు. నేనెప్పుడు వెళ్లినా పోలమ్మ ఆ బావి నీళ్లే చెంబుతో తెచ్చిస్తుంది. ఇస్తూనే, "మేం అడ్డం పడబట్టిగానీ, ఆ టీచరమ్మ జాగా మింగేసుండేది," అంటుంది. నాకు కోపం వస్తుంది, దాహమూ తీరుతుంది.

నిన్నటి కాలవగట్టు మీద కూడా ఎవరి వాకిలీ కాని ముక్క ఒకటి మిగిలింది. నేనే గంప ఎత్తాను. గట్టు మీద కూర్చున్న పెద్దాయన, "ఏం మేడమ్, ఈ జాగా మీద కన్ను పడినట్టుండాదే," అన్నాడు. నాకు నెల్లూరులో సొంతిల్లు ఉందని చెప్పొచ్చు. చెప్పలేదు. స్కూటీ మీద వస్తూ దారంతా ఏడ్చాను. ఇది ఆవిడ నేర్పిన ఉపాయమో, ఆవిడకు తగిలిన దెబ్బో నాకు తెలియదు. ఈ పొద్దున తాటాకులకు పురమాయించాను.