గొట్టం మీద గీత

అణు రియాక్టర్‌లో యురేనియం బిళ్లలను వేలంత లావు గొట్టాల్లో పేర్చి పెడతారు. గొట్టం గోడ పల్చటి రేకంత ఉంటుందంతే. లోపల బిళ్లలు ఉబ్బుతాయి, వాయువులు నెడతాయి. బయటి నుంచి సెగలు కక్కే వేడినీళ్లు ఒత్తుతాయి. న్యూట్రాన్ల దెబ్బలకు లోహం పెళుసెక్కుతుంది. అయినా పగలకుండా నిలవాలి. అలాంటి గొట్టాల్లో పగుళ్లు వెతకడమే నా కొలువు.

ఆ కొలువు దొరికిందని చెప్పడానికి నల్లగొండ దగ్గరి మా ఊరికి పోయాను. పోయానే గాని, మా నాన్న, బాపు ముందు గొట్టం మాట ఎత్తకుండా వాయిదా వేస్తూ వచ్చాను.

నా చిన్నతనంలో, నిజాం రజాకార్లు ఊళ్లు తగలబెడుతున్న రోజుల్లో మా అన్న వాళ్లను ఎదిరించే దళంలో చేరాడు. ఒక మధ్యాహ్నం, గొట్టం మూతిలోంచి మందు కూరి కాల్చే పాత బర్మారు తుపాకి పట్టుకుని బాపు కొలిమికి వచ్చాడు. బాపు దాని గొట్టానికి కిరసనాయిలు పట్టించి, శుభ్రంగా తుడిచి, పొడి సున్నం చల్లాడు. పగులుంటే అందులో ఇంకిన నూనె సున్నంలోకి తేలుతుంది. తేలింది. వెంట్రుకంత గీత, సరిగ్గా మందు దట్టించే చోటే.

"కాలుస్తే నీ మొఖం మీదనే పగుల్తది. పెట్టు ఆడ!" అని బాపు గద్దించాడు.

"అయితే ఇంకొకటియ్యి బాపు."

కొలిమిలో నాగటి కర్రులున్నాయి, కొడవళ్లున్నాయి. తుపాకి గొట్టం ఎక్కడిది? బాపు ఆ గీత మీద ఇనుప పట్టీ కాల్చి బిగించాడు. "గిది నిలవదురా, జర నా మాటిను," అని బతిమాలాడు. అన్న నవ్వాడు. "కట్టె కంటె నయమే గద," అని వెళ్లిపోయాడు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో తెలియదు.

అన్న మళ్లీ రాలేదు. గుట్టల్లోనే దహనం చేశారని కబురొచ్చింది. సైన్యం వచ్చి నిజాం పాలన పోయాక, దళం నుంచి ఇల్లు చేరిన ప్రతివాణ్నీ బాపు ఒకటే అడిగేవాడు: "గుండు తాకిందా, గొట్టం పగిలిందా?" దగ్గరుండి చూసినవాడు ఒక్కడూ దొరకలేదు. కొడుకును రజాకారు చంపాడో, తను బిగించిన ఇనుమే చంపిందో తెలియక ఆ మనిషి కుమిలిపోయాడు. మేమేం చేయగలం?

చివరికి నా కొలువు సంగతి చెప్పేశాను. బాపు అంతా విన్నాడు.

"పగులు గనబడ్తే ఏం జేస్తరు బిడ్డా?"

"ఆ గొట్టం పక్కన పడేస్తం బాపు."

"ఇంకొకటి ఉంటదా?"

"ఉంటది."



"ఉండాలె బిడ్డా," అన్నాడు బాపు. "ఇంకొకటి ఉండాలె."