బల్ల కింది పెద్దాయన

పోయిన వారం పులివెందులలో ఒక పెళ్లి విందుకు వెళ్లి నల్లరాతి బల్ల మీద మోచేతులు ఆనించాను. ఆ చల్లదనం ముంజేతుల మీదుగా పాకి నేరుగా వెన్నులోకి దిగింది. అంతే, విస్తరి వదిలేసి, తల వంచి బల్ల కిందికి చూశాను. ఎదురుగా కూర్చున్న మా వియ్యపురాలు కుచ్చెళ్లు సర్దుకుంటూ నన్నొక చూపు చూసింది. ఆ చూపుకు పాయసంలో పాలు విరిగిపోయాయి. మా ఆవిడ మాత్రం, అది శెట్టిగారి దగ్గర అంటుకున్న జబ్బని, ప్రమాదం లేదని సర్దిచెప్పింది.

రంగయ్య శెట్టిగారు ప్రొద్దుటూరులో బట్టల కొట్టు నడిపి నడిపి, ఉన్నట్టుండి ‘అవ్వగారిల్లు’ అని హోటల్ పెట్టిన మనిషి. చుట్టుపక్కల కూలిపోతున్న ఇళ్లలోని పాత సామానంతా అందులోకి చేరింది. ఒక్కో ద్వారబంధంలోంచి ఏనుగు పిల్లలతో సహా దూరిపోవచ్చు. గోడ గడియారాలు తలా ఒక టైము చూపిస్తుంటే మా హోటల్లో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒకేసారి జరిగేవి. శెట్టిగారు జన్మలో గుడ్డు ముట్టలేదు గానీ, నాటుకోడి పులుసులో ఉప్పు తగ్గితే వీధి మలుపులోనే వాసన పట్టేవారు. నేను అక్కడ మేనేజరును. అసలు పని మాత్రం వచ్చినవాళ్లకు ఆ సామాను కథలు చెప్పడం, కథ లేనిదానికి పుట్టించడం. పొడుగాటి నల్లబండ బల్ల ఒకటుండేది. గండికోట రాజుగారు దాని మీద కూర్చొని దానిమ్మకాయ ఒలుచుకునేవారని, ఒక్క గింజ కింద పడితే యుద్ధం ప్రకటించేవారని చెప్పేవాణ్ణి. ఆ బల్ల కోసం జమ్మలమడుగు నుంచి ముందురోజే ఫోన్లు వచ్చేవి. శెట్టిగారు విని, తినేవాళ్లకు అరిగినంత వరకు కొయ్యప్పా కోతలు అని నవ్వేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముద్దనూరు దగ్గరి పల్లె నుంచి నాగమ్మ అనే ముసలామె వచ్చింది. ఒక చేతిలో టెంకాయ, పసుపు. చంకలో కోడిపుంజు. వంటింటికి సరుకు తెచ్చిందనుకొని నేను వెనక వాకిలి చూపించాను. ఆమె నన్ను దాటుకొని తిన్నగా నల్లబల్ల దగ్గరికి పోయింది. అక్కడ ఒక కుటుంబం హాయిగా కోడి తొడలు కొరుకుతోంది.

“కాళ్లు తియ్యండి నాయనా,” అంది మెల్లగా. “ఆడ మా పెద్దాయన పండుకోనుండాడు.”

కొరికినవాళ్లు కొరికినట్టే ఆగిపోయారు. నేను సెల్‌ఫోన్ లైటు వేసి బల్ల కిందికి దూరాను. నా ముక్కుకు జానెడు దూరంలో రాతిలో ఒక మనిషి. కత్తి ఎత్తి, మీసం మెలేసి, కాళ్ల దగ్గర ఆవుతో నన్నే చూస్తున్నాడు. అదిరిపడి లేవబోతే తలకు లేచిన బొప్పి మీద దీపం పెట్టొచ్చు.

ఆవుల మందను దొంగల నుంచి కాపాడుతూ ప్రాణం విడిచిన తమ వంశపు మనిషికి నిలబెట్టిన వీరుడి రాయి అదని నాగమ్మ చెప్పింది. వాళ్లింట్లో పెళ్లంటే తొలి విస్తరి ఆయన ముందు వేయాల్సిందే. వేయనిదే తాళి కట్టరు. పొలం చదును చేసిన ట్రాక్టరువాడు గట్టు బండలతోపాటు దాన్నీ తోలేశాడట. మాకు అమ్మినవాడు వీపు నునుపు చేయించి, బొమ్మను కిందికి తిప్పాడు. ముఖాన అట్టకట్టిన మట్టి ఈమధ్యే రాలినట్టుంది. నాగమ్మ మనవరాలి పెళ్లి ఎల్లుండి. ట్రాక్టరువాణ్ణి నిలదీసి, జాడ పట్టుకొని వచ్చింది.

నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. శెట్టిగారిని పక్కకు లాగి, పూజ ఇక్కడే చేయిద్దామని, తప్పెట్లు పెట్టిద్దామని, దేశం నలుమూలల నుంచి బస్సులు వస్తాయని చెప్పాను. నా ఊహలో అప్పటికే మా వాకిట్లో రైల్వే స్టేషను వెలిసింది.

శెట్టిగారు నా చెయ్యి విడిపించుకున్నారు. “మీ నాయన్ను ఈడ బోర్లా పండుకోబెట్టి, ఆయన వీపు మీద బిర్యానీ పెడితే, నువ్వు తప్పెట కొడతావా అప్పా?”



శెట్టిగారు తింటున్నవాళ్లకు చేతులు జోడించి వేరే బల్ల చూపించారు. తన భుజం మీది కండువాతో ఎంగిలి తుడిచి, నాగమ్మకు దండం పెట్టారు. సాయంత్రం ట్రాక్టరులో గడ్డి పరిచి రాయిని పడుకోబెట్టి, ఆయనా పక్కనే కూర్చున్నారు. ముద్దనూరు దారిలో గుంత వచ్చినప్పుడల్లా రాతి మీద చెయ్యి వేసి, “మెల్లగా సామీ, ఇంగ వచ్చేసింది మీ ఊరు” అనేవారు. ఏ గుంతలో ట్రాక్టరు మునిగిందో, ఏ గుంతలోంచి తేలిందో నాకు తెలియదు. నా కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి.

పొలం గట్టున రాయిని నిలబెట్టారు. పెళ్లినాడు తొలి విస్తరి కోడికూర, సంగటితో పెద్దాయన ముందు పడింది. రాయిని నిలబెట్టినవాడు రెండో విస్తట్లో తినాలని వాళ్ల ఆచారం. శెట్టిగారు కదలకుండా కూర్చొని కళ్లు మూసుకున్నారు. నాగమ్మ ఆయన విస్తట్లో సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, వేసి, “నీకు యేరే సట్టిలో వండినా లే శెట్టీ, తిను” అంది. ఆయన తిన్నాక తాళి కట్టారు.

హోటల్లో ఆ చోటు ఖాళీగానే ఉంచేశారు. ఇక్కడి రాజుగారి బల్ల ఏదని అడిగేవాళ్లకు ఏం చెప్పమంటారని అడిగితే, “జరిగింది చెప్పు. ఇందులో మాత్రం ఏం కలపాకు” అన్నారు. చెప్పాను, ఉన్నది ఉన్నట్టు. ఒక్కరూ నమ్మలేదు. నా కోతల్లోకెల్లా ఇదే పెద్దదని మెచ్చుకొని పోయారు.

శెట్టిగారు పోయారు, హోటలూ పోయింది. నేను కోతలు మానలేదు, మానితే బతకను. అయితే ఎవరి కథనైనా పెంచబోయే ముందు, ఆ మనిషి తాలూకు వాళ్లు చంకలో కోడితో వాకిట్లో నిలబడి వింటున్నారేమోనని ఒకసారి అటు చూస్తాను. ఎవరూ ఉండరు. అయినా గొంతు కొంచెం తగ్గించే మొదలుపెడతాను.