జర్మనీ పంచాయతీ, మన శాలువా

రండి, దగ్గరికి రండి. ఆ సైకిళ్ళ వెనక నక్కినవాళ్ళు ముందుకు జరగండి, ఇవాళ నా గొంతు అంత దూరం రాదు. నవ్యా, ఆ ఫోన్ బ్యాగులో పెట్టమ్మా. గుణింతాలు ఇంకోసారి చూసుకుందాం. ఇవాళ కథ. రాజులూ రాక్షసులూ ఉండే కథ కాదు. కిందటి నెల మీ మాస్టారు మైకు పట్టుకుని చేసిన ఘనకార్యం. అది జరిగినప్పటి నుంచీ నేను ప్లేనోలో ఇండియన్ షాపుకి వెళ్ళడం మానేశాను. కరివేపాకు కావాలన్నా మా అమ్మాయినే పంపుతున్నాను. నేను వెళితే కూరగాయల దగ్గర ఒకరు, బియ్యం బస్తాల దగ్గర ఇంకొకరు పట్టుకుని "ఏం మాస్టారూ, జర్మనీ విశేషాలు?" అంటున్నారు మరి.

ముందు మీ పెద్దవాళ్ళ సంగతి చెప్పాలి. మన చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు గానీ, తెలుగు సంఘాలు మాత్రం రెండు. సుధాకర్ అంకుల్‌ది సంఘం. మురళి అంకుల్‌ది సమితి. రెండింటికీ తేడా ఏమిటని నన్ను అడగకండి. పాపం, వాళ్ళనీ అడగకండి. ఒక ఉగాది సభలో వేదిక మీద వేసిన కుర్చీలు నిండిపోయాయి, మురళిగారు ఇంకా నిలబడే ఉన్నారు. అంతే. ఆయన కిందికి దిగి, పులిహోర కూడా ముట్టకుండా ఇంటికి వెళ్ళి, కొత్త సంఘం పెట్టారు. రాజ్యాలు చీలడానికి చరిత్ర పుస్తకాల్లో చాలా పెద్ద పెద్ద కారణాలు రాస్తారు. నేను ఇప్పుడవి నమ్మడం లేదు.

ఇద్దరికీ చెరొక తెలుగు బడి. ఇద్దరిదీ ఆదివారమే, ఇద్దరిదీ ఒకే వేళ. చెప్పేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఒక వారం అటు, ఒక వారం ఇటు. అక్కడ గుణింతాలు దిద్దించి ఇక్కడికి వచ్చేసరికి ఇక్కడివాళ్ళు అచ్చులు కూడా మరిచిపోయి ఉండేవాళ్ళు. మళ్ళీ అక్కడికి వెళితే అదే కథ. బావిలో నీళ్ళు తోడి ఆ బావిలోనే పోసినట్టుండేది నా చదువు చెప్పడం.

ఇంతలో మన సిటీవాళ్ళు లైబ్రరీ పక్కన ఒక కమ్యూనిటీ రూమ్ కట్టారు. మంచి బోర్డు, కుర్చీలు, ఏసీ. ఆదివారం పొద్దున ఖాళీ. ఊరికే ఇస్తారట. సంఘమూ అప్లై చేసింది, సమితీ అప్లై చేసింది. ఆ పని చూసే లిండాగారు నన్ను పిలిచింది.

"టీచర్, భాష ఒకటి, టైమ్ ఒకటి, పిల్లలకి చెప్పే మనిషి కూడా ఒకరే. మరి ఈ రెండు అప్లికేషన్లు ఎందుకు?"

ఉగాదినాటి కుర్చీల గురించి ఆ తల్లికి ఇంగ్లీషులో ఎలా చెప్పను?

"మీరంతా ఒకటిగా రండి, రూమ్ మీదే. లేకపోతే లైన్‌లో ఇంకొకళ్ళు ఉన్నారు" అంది.

"ఒకటి చేసి తీసుకొస్తాను మేడమ్" అన్నాను. పల్లెటూళ్ళో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాణ్ణి. పలకలు పగలగొట్టుకున్న పిల్లల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి బెల్లం ముక్క పంచుకు తినేలా చేశాను. ఇద్దరు సాఫ్ట్‌వేర్ మేనేజర్లు ఒక లెక్కా అనుకున్నాను.

ఇక క్లౌస్‌గారి సంగతి. మా ఇంటి వెనక పార్కులో చెరువు చుట్టూ నాతో పాటు నడిచే జర్మన్ పెద్దమనిషి. ఆయన కూడా కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నారు. పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో, చేతిలో కర్రతో ఉంటారు. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే కాబట్టి ఒకరిది ఒకరికి బాగా అర్థమయ్యేది. అర్థమయ్యేదని నేను అనుకునేవాణ్ణి.

ఆయన తమ ఊరి కౌన్సిల్‌లో చాలాకాలం మెంబరు. పెద్ద నగరానికి ఆనుకున్న చిన్న మున్సిపాలిటీ అది. మన లెక్కలో పంచాయతీకి ఎక్కువ, మున్సిపాలిటీకి తక్కువ. పేరు నాకు నోరు తిరగదు, వదిలేయండి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మీ ఊరు ఎలా పుట్టింది క్లౌస్‌గారూ?"

"ఊరు కాదు టీచర్, ఊళ్ళు. ఒక వాగు ఉంది. వాగుకి ఎగువన ఒక ఊరు, దిగువన ఒక ఊరు. ఇద్దరికీ ఎవరి చర్చి వాళ్ళది, ఎవరి మిల్లు వాళ్ళది. ఆ తర్వాత రైలు వచ్చింది. నగరంలో ఉద్యోగాలు చేసేవాళ్ళు వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. బంగాళదుంపలు పండిన చోట కార్ షెడ్లు మొలిచాయి."

యుద్ధం అయిపోయాక తూర్పు నుంచి ఇల్లూ వాకిలీ పోయినవాళ్ళు తోపుడు బళ్ళతో వచ్చారట. ప్రతి ఇంట్లోనూ ఒక గది వాళ్ళకి ఇమ్మన్నారట. అలా ఊళ్ళు పెరిగాయి. అప్పుడు పై గవర్నమెంటు వాళ్ళు చిన్న చిన్న ఊళ్ళన్నీ కలపాలని నిర్ణయించి, ఈ రెండింటినీ కలిపేశారట. ఒకే మేయరు, ఒకే కౌన్సిల్, ఒకే ఆఫీసు.

అంతే పిల్లలూ. ఆ మాట చెవిన పడగానే నాకు నీతి దొరికిపోయింది. నీతి దొరికిందంటే మాస్టారుకి కథ అయిపోయినట్టే. క్లౌస్‌గారు ఆ తర్వాత కూడా చాలాసేపు చెప్పారు. చేతులు ఊపారు. ఒకచోట ఆగి కర్రతో నేల మీద రెండు గీతలు గీసి, ఒకదాన్ని కాలితో చెరిపేశారు కూడా. నేను "యస్, యస్" అని తల ఊపుతూ లోపల ఉపన్యాసం రాసుకుంటున్నాను.

సభ మన పాస్టర్‌గారి తెలుగు చర్చి హాల్లో పెట్టాను. అది సంఘానిదీ కాదు, సమితిదీ కాదు. ఇద్దరు ప్రెసిడెంట్లూ వస్తామన్నారు. పిల్లల బడి కోసం అనుకునేరు. రెండోవాడు వస్తున్నాడని వీడు, వీడు వస్తున్నాడని వాడు. పైగా విదేశీ అతిథి అన్నాను. టెక్సస్‌లో ఒక జర్మన్ ఆయన విదేశీయుడూ, మనం మాత్రం స్థానికులమూ. అదొక వింత.

మురళిగారు ఫోన్ చేశారు. "మాస్టారూ, చీఫ్ గెస్ట్ డెసిగ్నేషన్ ఏం వేయమంటారు ఫ్లయర్‌లో?"

"మాజీ కౌన్సిల్ సభ్యులు అని వేయండి."

"అంటే మన వార్డు మెంబరేగా. చాలా చిన్నగా ఉంటుంది మాస్టారూ. మాజీ మేయర్ అని వేస్తా."

"ఆయన మేయర్ కాదండీ."

"ఎవడెళ్ళి చూడొచ్చాడు జర్మనీకి?"

ఆ ఫ్లయర్ వాట్సాప్‌లో చూసి సుధాకర్‌గారు ఇంకొకటి చేయించారు. అందులో క్లౌస్‌గారు జర్మనీ మంత్రి. సభ ఒకటే, ఫ్లయర్లు రెండు. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా, రాలేదు.

కుర్చీల గొడవ లేకుండా ఆ రోజు వేదికే తీయించేశాను. అందరూ కిందే. సంఘంవాళ్ళు నడవకి ఇటువైపు, సమితివాళ్ళు అటువైపు, ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ లాగా సర్దుకు కూర్చున్నారు. క్లౌస్‌గారికి ఇంగ్లీషులో చెప్పడానికి పాస్టర్‌గారిని ఆయన పక్కన కూర్చోబెట్టి, నేను మైకు అందుకున్నాను. ఏం మాట్లాడాననుకున్నారు! వాగు గురించి చెప్పాను. ఎగువ ఊరు అన్నయ్య అన్నాను, దిగువ ఊరు తమ్ముడు అన్నాను. "వాళ్ళు పంతాలు వదిలి, చేతులు కలిపి, ఒక్క కౌన్సిల్ కింద పాలూ నీళ్ళలా కలిసిపోయారు. మీకు ఒక గదిలో కలిసి కూర్చోవడానికి ఏం వచ్చింది?" అన్నాను. నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లిండాగారి రూమ్‌లో కొత్త బోర్డు మీద 'అ' రాస్తున్నట్టు కూడా కనిపించింది.

నిజంగానే హాలు మెత్తబడింది. సుధాకర్‌గారు గొంతు సవరించుకుని "పిల్లల కోసం ఆలోచించొచ్చు" అన్నారు. మురళిగారు వెంటనే కాదనలేదు. నేను అక్కడితో ఆపి, అందరి చేతా టీ తాగించి పంపేసి ఉంటే ఇవాళ మీరు ఏసీ గదిలో కూర్చుని ఉండేవాళ్ళు.

కానీ శాలువా కప్పకుండా సభ ఎలా ముగుస్తుంది? కప్పించాను. శాలువా కప్పించుకున్నవాడు రెండు మాటలు మాట్లాడకపోతే మనకి తోచదు. "క్లౌస్‌గారూ, రెండు మాటలు."

"నో నో టీచర్. నేను ఊరికే నడవడానికి వచ్చే మనిషిని."

మన వడ్డన మీకు తెలుసు కదా. చాలంటే ఇంకో గరిటె వేస్తాం. వద్దు అంటే బతిమాలించుకుంటున్నారని అర్థం. మళ్ళీ అడిగాను. వద్దన్నారు. ఈసారి మైకు తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. ఆయన లేచారు.

"టీచర్ చాలా అందంగా చెప్పారు. నేను పార్కులో చెప్పింది మాత్రం అది కాదు. నేను దిగువ ఊరివాణ్ణి."

నాకు కర్రతో గీసిన గీతలు గుర్తొచ్చాయి.

"మేము చేతులు కలపలేదు. పైనుంచి వచ్చి కలిపారు. మా అభిప్రాయం అడిగారు, మేము వద్దన్నాం, అయినా కలిపారు. నేను పుట్టింది బడి వీధిలో. ఎగువ ఊళ్ళోనూ ఒక బడి వీధి ఉంది. ఒకే మున్సిపాలిటీలో రెండు బడి వీధులు కుదరవన్నారు. వాళ్ళ దాన్ని ఉంచి, మాది చెరిపేసి పిచ్చుకల వీధి అని పెట్టారు. మా వీధిలో పిచ్చుకలు కూడా లేవు. మా అమ్మ పోయేదాకా ఉత్తరాల మీద పాత పేరే రాసింది. పోస్ట్‌మ్యాన్ మా ఊరివాడే కాబట్టి అందేవి."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇప్పటికీ మాకు రెండు ఫైర్ ఇంజన్లు. ఎక్కడ నిప్పంటుకున్నా రెండూ వెళతాయి. ఆర్పేశాక ఎవరు ముందు వచ్చారన్నది మాత్రం ఏళ్ళ తరబడి చెప్పుకుంటూనే ఉంటాం. నేను కౌన్సిల్‌లో నిలబడిందే మా వీధి పేరు కోసం. గెలుస్తూనే వచ్చాను. పేరు మాత్రం తిరిగి రాలేదు."

మురళిగారు అప్పటికే లేచారు. "విన్నారా? జర్మనీ అంత జర్మనీలోనే కుదరలేదు. కలిస్తే పోయేది చిన్నవాడి పేరే. మా సమితి పేరు మేం వదులుకోం."

సుధాకర్‌గారు ఊరుకుంటారా? "మీ పేరు ఎవడిక్కావాలండీ? కలుపుకున్నందుకు ఎగువ ఊరివాళ్ళకి ఒరిగిందేమిటి, జీవితాంతం ఈ సణుగుడు వినడం తప్ప? మాకొద్దు."

రెండువైపులా చప్పట్లు. ఎన్నో ఏళ్ళ తర్వాత సంఘమూ సమితీ ఒక మాట మీద నిలబడ్డాయి. కలవకూడదు, అంతే.

ఆ గోలలో క్లౌస్‌గారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన పక్కనే నిలబడ్డాను కాబట్టి నాకొక్కడికే వినిపించింది. "కానీ నేను ఒక్క మీటింగూ మానలేదు. పోట్లాడుకోవడానికైనా మనుషులకి ఒక గది కావాలి కదా. అయిపోయాక అందరం కలిసి బీరు తాగేవాళ్ళం." ఆయన ఇంటి నుంచి మోసుకొచ్చిన అసలు కథ అదన్నమాట. దాన్ని మైకులో మళ్ళీ చెబుదామని చూస్తే, మైకు కోసం ప్రెసిడెంట్లిద్దరూ పెనుగులాడుతున్నారు. క్లౌస్‌గారు శాలువా మడిచి నా చేతిలో పెట్టి, "టీచర్, నేను రెండుసార్లు వద్దన్నాను" అన్నారు.

పార్కింగ్ లాట్‌లో నేను కారు దగ్గర మొహం వేలాడేసుకుని నిలబడితే నవ్య వాళ్ళమ్మ శైలజ, ఇంకొందరు తల్లిదండ్రులు వచ్చారు.

"మాస్టారూ, వీళ్ళిద్దరితో విసిగిపోయాం. మనం న్యూట్రల్‌గా ఒక చిన్న గ్రూప్ పెట్టుకుందాం. సిటీవాళ్ళకి చూపించడానికే. ప్రెసిడెంట్‌గా మీ పేరు ఉంటుంది, నేను వైస్ ప్రెసిడెంట్‌గా ఉంటాను. మీకు పనేం ఉండదు."

"నాకెందుకమ్మా ఇవన్నీ" అన్నాను. ఒక్కసారే అన్నాను.

కొన్నాళ్ళకి లిండాగారి ఫోన్. "టీచర్, నా టేబుల్ మీద ఇప్పుడు మూడున్నాయి. మూడోదానికి ప్రెసిడెంట్ మీరే. ఒకటి చేసి తెస్తానన్నది మీరే కదా?"

"యస్ మేడమ్."

"రూమ్ బొంతలు కుట్టే ఆడవాళ్ళకి ఇచ్చేశాను. సారీ."

అదీ పిల్లలూ మీరు మా గరాజులో కూర్చోవడానికి కారణం. ఇప్పుడు ఆదివారం మూడు బడులు. అన్నింటికీ నేనే మాస్టారుని.

ఆగండి, ఇంకా అయిపోలేదు. నిన్న మన కొత్త సంఘం మొదటి మీటింగ్ జరిగింది. వైస్ ప్రెసిడెంట్‌గారు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. ఎందుకంటారా? ఆవిడ కూడా రెండు మాటలు మాట్లాడదామని రాసుకొచ్చారట. ఆ వీలు చిక్కలేదు. అధ్యక్షులవారు ఐకమత్యం గురించి మొదలుపెట్టి, హాలు మూసే వేళ దాకా మైకు వదల్లేదు.

ఏంటి నవ్యా, చెయ్యెత్తావు?

"తాతగారూ, మా మమ్మీ నెక్స్ట్ వీక్ నుంచి మా గేమ్ రూమ్‌లో తెలుగు క్లాస్ స్టార్ట్ చేస్తోంది. సెపరేట్. టీచర్ మీరే అంట, అడగమంది."

వస్తానని చెప్పమ్మా. ఇంకేం చెబుతాను? సరే, లేవండి అందరూ. చెప్పులు సరిగ్గా చూసుకుని వేసుకోండి. అన్నాలు చల్లారిపోతాయి, ఇళ్ళకి వెళ్ళి తినండి.