అరువు గొంతు

అబద్ధాలాడటమే ఆమె ఉద్యోగం. అదీ ప్రభుత్వ ఖర్చుతో. బీమా కంపెనీల మీద నిఘా ఉంచే ప్రభుత్వ కార్యాలయంలో, కిటికీ లేని చిన్న గదిలో కూర్చుని, కొనేవాళ్లలా ఏజెంట్లకు ఫోన్లు చేస్తుంది. వాళ్లు ఏ మాయమాటలు చెప్పి పాలసీలు అంటగడుతున్నారో రికార్డు చేసి ఆఫీసరుకు ఇస్తుంది. ఒకరోజు కొత్త పెళ్లికూతురు, ఒకరోజు లారీ డ్రైవరు భార్య. అన్నిటికన్నా బాగా కుదిరింది బామ్మ గొంతు.

ఇంట్లో మాత్రం ఆమెకు గొంతు పెగలదు. రెండేళ్ల పాప గుండెలో పుట్టుకతోనే చిన్న రంధ్రం. దానంతటదే పూడుకోవచ్చు, లేకపోతే ఆపరేషన్ అన్నాడు డాక్టరు. ఫిజిక్సు చదివిన ఆమెకు 'పూడుకోవచ్చు' అన్న మాట ధైర్యం కాదు, అవకాశాల లెక్క. పాప నిద్రపోతే చాలు, గుండె మీద చెవి ఆనించి వింటుంది. ఉన్న ధైర్యమల్లా బీమా ఏజెంటుగా పనిచేసే మరిది చేయించిన పాలసీ ఒక్కటే.

ఆ రోజు ఇచ్చిన నంబరు ఏదో బ్రాంచి ఆఫీసుది. బామ్మ గొంతుతో పలకరించింది.

"చెప్పండి బామ్మగారూ!"

ఆ గొంతు వెంటనే గుర్తుపట్టింది. మరిది! తెలిసినవాళ్లు తగిలితే వెంటనే ఫోను పెట్టేయాలి, అది నియమం. కానీ నోరు అప్పటికే బామ్మదైపోయింది.

"నాకు గుండెజబ్బుంది నాయనా. ఆ సంగతి చెప్పాలంటావా?"

"గుండె ఎవరికి లేదు బామ్మగారూ!" నవ్వాడతను. "నిజం చెబితే కంపెనీవాళ్లు సవాలక్ష కొర్రీలు వేస్తారు. ఏ జబ్బూ లేదందాం. నేను చూసుకుంటాగా."

"రేపు పట్టుకుంటేనో?"

"ఎవరు పట్టుకుంటారండీ? మా అన్నయ్య కూతురికీ అలాగే చేయించా. దాని గుండెలో చిల్లుంది పాపం. సొంత పిల్లకి చేసిందే మీకూ చేస్తానంటున్నా."

ఫోను పెట్టేశాక కూడా రికార్డరు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. చెరిపేస్తే ఎవరికీ తెలియదు. కానీ పాపను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే రోజున కంపెనీ కళ్లు మూసుకుంటుందా? తన ఆఫీసుకు వచ్చే ఫిర్యాదుల్లో సగం అలాంటి రోజున మొదలైనవే. చెరపలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మరిది పాపను భుజాల మీద ఎక్కించుకుని గెంతుతున్నాడు.

"ఏంటి వదినా, మొహం అలా పాలిపోయింది? ఆఫీసులో దెయ్యం కనబడిందా?"

"గుండె ఎవరికి లేదు నాయనా," అంది బామ్మ గొంతుతో.

పాప పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. పాపను మెల్లగా కిందికి దించాడు.

"వదినా... నువ్వా?"

"పాప సంగతి దాచావా లేదా?"

"చెబితే పాలసీ ఇచ్చేవాళ్లు కాదు. మీ మంచికే చేశాను. ఇప్పుడు నా నోటికాడి కూడు తీసేస్తావా?"

ఆమె పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు రికార్డింగు ఆఫీసరు బల్ల మీద పెట్టింది. "ఇందులో మాట్లాడింది మా మరిదండీ. ఆ చిల్లు గుండె పాప మా పాపే."

"మరి ఫోను పెట్టేయాల్సింది కదమ్మా!"

"పెట్టేయలేకపోయానండీ."

ఆయన కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. "మీ మరిది సంగతి నేను చూడక తప్పదు. పాప సంగతి మాత్రం, మేం చెప్పేలోపే నువ్వే కంపెనీకి చెప్పుకో. వాళ్లు అన్యాయం చేస్తే అడగటానికి మనం ఉన్నాం. న్యాయంగానే రద్దు చేశారనుకో, మనమూ ఏం చేయలేం."

ఆమె వరండాలోకి వచ్చి కంపెనీకి ఫోను చేసింది.

"ఎవరండీ మాట్లాడేది?"

బామ్మ గొంతు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"పాప వాళ్లమ్మనండీ. పాప గుండె గురించి... మీకు చెప్పనిదొకటి ఉంది."

"లైన్లో ఉండండి," అంది అవతలి గొంతు.

గోడ పట్టుకుని అలాగే నిలబడింది.