బతుకమ్మ నాడు నేను పీకిన గోనె మూట

ఆ రోజుల్లో నాకు రెండే సంగతులు తెలుసు: నేను చెప్పిందే నిజం, అది ఒప్పుకోనివాళ్లకు ఇంకాస్త గట్టిగా మళ్లీ చెప్పాలి. జహీరాబాద్ శివారులో కొత్తగా పడ్డ కాలనీలో నా మొదటి ఉద్యోగం. వాననీళ్ల కోసం అక్కడ మూడు గుంటలు తవ్వించాం. పార్కులోది ఏడాదంతా నీళ్లుండేది. వచ్చిన వాననీళ్ల మురికి అడుగుకు దిగితే, పైన తేరినవి మెల్లగా బయటికి పోతాయి. ఎర్రమట్టి వైపున్నది ఇంకుడు గుంట, నీళ్లను నేలకు తాగిస్తుంది. మూడోది నా ప్రాణం. అది మామూలు రోజుల్లో ఎండి ఉండాలి. పెద్ద వాన వస్తే నీళ్లన్నీ పట్టుకుని, అడుగున ఉన్న సన్న పైపులోంచి ఒక రోజంతా నిమ్మళంగా వదలాలి. లేదంటే అవన్నీ ఒక్కసారే కింది గల్లీ ఇళ్లలో దూరతాయి. (ఈ సంగతి నేను పెళ్లిళ్లలో కూడా చెప్పేదాన్ని. నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఎందుకుండేదో అప్పట్లో అర్థం కాలేదు.)

నీళ్లు ఆగని గుంట కట్టిన ఇంజినీరని కాలనీలో నాకు పేరుపడింది. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, నా గుంట నిండుగా ఉంది! పైపు మూతికి ఎవరో గోనె సంచిలో పాత చీరలు, బంకమట్టి కుక్కి బిగించారు. మూడు రోజుల నుంచి పడ్డ వానంతా అందులోనే. చేయించింది ఎవరనుకున్నారు? ఆ కాలనీలోనే ఉండే మా సొంత పెద్దమ్మ!

"మరి బతుకమ్మలు యాడ వెయ్యాలె? నీ నెత్తి మీదనా?" అంది.

"పార్కు గుంట లేదా పెద్దమ్మా?"

"దానికి తాళమేసిచ్చింది నువ్వే గాదే!"

(నిజమే. పిల్లలు పడతారని కంచె కట్టించి తాళం వేయించాను. తాళంచెవి మా సార్‌తో పాటు హైదరాబాద్‌లో ఉంది.)

చిరాగ్‌పల్లి వైపు ఆకాశం నల్లగా కమ్ముకుంది. సార్‌కు ఫోన్ చేస్తే, "పండుగ పూట లొల్లెందుకమ్మా, జర ఒక్కరోజు ఆగు. ఆ మూట ముట్టుకున్నవంటే రేపట్నుంచి డ్యూటీకి రాకు" అన్నాడు. మేస్త్రి కూడా, "ఏం ఫికర్ చెయ్యకు మేడం, వాన రాదు తియ్యి" అన్నాడు.

"వస్తే? నిండిన గుంటల ఇంకేం పడతది? కింది గల్లీలకే పోతది!" అని అరిచి, ఫోన్ కట్ చేసి, పండుగకని కొనుక్కున్న పసుపు డ్రెస్సుతోనే నడుం లోతు నీళ్లలో దిగాను. మూట పీకాను. పైపు గుటగుటా తాగడం మొదలుపెట్టింది, ముందుగా నా చున్నీని. గట్టున ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. నేను ఎంత లాగినా చున్నీ రాదు, మెడకు చుట్టుకున్న కొసను వదిలే తెలివి నాకు లేదు. చివరికి పెద్దమ్మే చీర ఎగదోపి దిగి, దాన్ని చింపి నన్ను విడిపించింది. "మీ అమ్మ లెక్కనే, పట్టింది విడువవు!" అని తిట్టింది. మళ్లీ ఎవరూ మూట పెట్టకుండా మధ్యాహ్నం దాకా పైపు దగ్గరే కూర్చున్నా, తడి బట్టలతో, తుమ్ముతూ.

నాలుగింటికి వాన దంచికొట్టింది. గంటసేపు. అప్పటికి చాలావరకు ఖాళీ అయిన గుంట అంచుకు జానెడు కిందకు నిండి ఆగింది. సాయంత్రం వాన వెలిశాక బతుకమ్మలతో వచ్చిన పెద్దమ్మ ఆ నిండు గుంటను చూసి, "సూసినవా? నీళ్లుంటెనే గుంట!" అంది, గెలిచింది తనే అన్నట్టు. మర్నాడు రావద్దన్న డ్యూటీకి నేను వెళ్లాను. సార్ పార్కు గుంట తాళంచెవి నా బల్లమీద పెట్టి, హాజరు పుస్తకం నా ముందుకు తోశాడు.

పండుగ నాడే, పెద్దమ్మ బతుకమ్మలతో రాకముందే, వాన ఆగీ ఆగగానే కింది గల్లీకి పరుగెత్తాను. ఇళ్లలో చుక్క నీళ్లు లేవు. గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న ఒక అక్కను, "ఎంత వాన కొట్టిందో చూసినవా అక్కా?" అని అడిగాను, మెచ్చుకుంటుందని.

"ఏం వానమ్మా, మా గల్లీల గంత ఏం పడలే" అంది.

ఒళ్లు మండిపోయింది. పడిందని అరగంట వాదించాను. ఇన్నేళ్లలో ఎన్నో గుంటలు కట్టించాను, ఎందరిచేతనో తిట్లు తిన్నాను, ఒక్క పైపు కూడా మూయనివ్వలేదు. ఇప్పటికీ పెద్ద వాన వెలిస్తే చాలు, చెప్పులు చేతపట్టుకుని ఏదో ఒక కింది గల్లీకి పోతాను. "ఇక్కడేం పడలేదమ్మా" అంటారు. అది వినడానికే పోతాను. ఆ అక్కతో అరగంట పోట్లాడిన పిల్లను తలుచుకుని, నవ్వుకుంటూ ఇంటికొస్తాను.