చెరకు బండ్ల నడుమ బరాత్

అరవయ్యో దశకంలో నేను నిజామాబాద్ నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. ఆ పని లేనప్పుడు బోధన్‌లో ఒక బ్యాండు పార్టీలో క్లారినెట్ వాయించేవాణ్ణి. మా మాస్టర్ నన్ను పేరుతో పిలిచిన గుర్తు లేదు. "పేపరాయనా" అనేవారు.

పెండ్లిళ్లకు మాకు ఎర్ర కోట్లు. చక్కెర ఫ్యాక్టరీ అధికారుల క్లబ్బులో శనివారం సాయంత్రాలకు తెల్ల చొక్కాలు. క్లారినెట్ ఒక్కటే గానీ దాని మూతికి బిగించే రీడు, అదే ఊదే రెల్లు బద్ద, వేరు. పెండ్లికి గట్టిది, వీధి చివరిదాకా వినిపించాలి. క్లబ్బుకు మెత్తనిది, పేకాడేవాళ్లు తల ఎత్తకూడదు. ఆషాఢంలో, మొహర్రం రోజుల్లో పెండ్లిళ్లు ఉండవు. అప్పుడు మా పొయ్యిలు వెలిగించింది ఆ క్లబ్బే. అందుకే మాస్టర్ శనివారం పెండ్లి ఒప్పుకునేవారు కాదు, పగటి లగ్గమైతే తప్ప.

ఒక చలికాలం క్లబ్బుకు కొత్త సెక్రటరీ వచ్చాడు. మా వాయిద్యం ఆయనకు నాటుగా తోచింది. ఒకరోజు మాస్టర్‌ను పిలిచాడు.

"వచ్చే శనివారం హైదరాబాద్ నుంచి ఫ్యాక్టరీ పెద్దసాబ్ వస్తున్నరు. ఆయన కారు దిగేటప్పటికి మీరు వాయిస్తుండాలె. లేకుంటే ఇగ పట్నం పార్టీని పిలిపించుకుంట."

"అచ్ఛా సాబ్" అన్నారు మాస్టర్. అదే శనివారం రుద్రూర్ దగ్గర పగటి పెండ్లి ఒప్పుకున్న సంగతి ఆయనకు చెప్పలేదు.

లగ్గం వేళకే అయింది. తర్వాత పెండ్లికొడుకు మేనమామ అలిగి బంతిలో కూర్చోనన్నాడు. ఆయన తినేదాకా ఊరేగింపు కదలలేదు. మేము బోధన్ బస్సెక్కేసరికి పొద్దు వాలుతోంది.

అవి చెరకు ఆడే రోజులు. ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుండగానే బస్సు ఆగిపోయింది. ముందు ఒక చెరకు బండి ఇరుసు విరిగింది. పక్కనుంచి పోదామని తక్కిన బండ్లన్నీ ఎగబడి రోడ్డును నింపేశాయి. బస్సుకు ముందు ఒక నల్ల కారు హారన్ కొడుతూనే ఉంది. ఏ బండివాడూ కదలడం లేదు. పక్కకు జరిగితే ఫ్యాక్టరీలో చెరకు తూచే కాంటా దగ్గర తన వంతు పోతుందని ప్రతివాడి భయం.

మాస్టర్ దిగి వెళ్లి కారు డ్రైవర్‌తో మాట్లాడారు. రుద్రూర్‌లో చెరకు తోటలు చూసి క్లబ్బుకు పోతున్న పెద్దసాబ్ కారు అది. ఇంకెవరైనా తల పట్టుకునేవారు. మాస్టర్ కోటు గుండీలు పెట్టుకుంటూ తిరిగొచ్చారు.

"దిగుండ్రి. బరాత్ కొట్టాలె."

"పెండ్లికొడుకేడి మాస్టర్?" అన్నాను.

"కార్ల ఉన్నడు. గట్టి రీడేనా పెట్టింది?"

"అదే ఉంది."

"ఇంకేంది మరి. ఊదు."

హారన్‌కు కదలనివాళ్లు పెద్ద డోలు మోగగానే వెనక్కి తిరిగారు. పెండ్లి ఊరేగింపుకు అడ్డం నిలబడే మనిషి మా వైపు లేడు. ఒక్కొక్క బండే పొలం అంచుకు దిగింది. మా వెనకే కారు, దాని వెనక బస్సు, నడక వేగంతో. ముందున్న బండివాడు తన ముందున్నవాడికి కేకేసి చెబుతుంటే తోవ దానంతటదే తెరుచుకుంది.

తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన కారు కిటికీలోకి తొంగి చూశాడు.

"గీయననా పెండ్లికొడుకు? నెత్తి మీద ఒక్క ఎంటిక లేదు."

"రెండో లగ్గం బాపూ" అన్నారు మాస్టర్, నడక ఆపకుండా.

"గట్లయితే బలం కావాలె. తినుమను." ముసలాయన తన బండిలోంచి ఒక గడ లాగి, విరిచి, కిటికీలోంచి లోపలికి అందించాడు. చుట్టూ ఉన్నవాళ్లు పడిపడి నవ్వారు. నాకు ఊపిరి తప్పి ఒక స్వరం జారిపోయింది. మాస్టర్ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తే.

క్లబ్బు గేటు దగ్గర సెక్రటరీ పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు ఎర్ర కోట్లు కనిపించి మొహం మాడ్చుకున్నాడు. వెనక కారు చూసి దండ ఎత్తి పట్టుకుని కారు వైపు పరుగెత్తాడు. పెద్దసాబ్ చేతిలో చెరకు గడతో దిగారు.

"మీ బ్యాండేనా?"

"మాదే సార్" అన్నాడు సెక్రటరీ. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"లేకుంటే నేనింకా రోడ్డు మీదనే ఉంటుంటి."

లోపలికి పోతూ సెక్రటరీ మాస్టర్ పక్కన ఆగి, "బరాత్ బాజాతోని క్లబ్బుకొస్తరా ఎవరన్నా?" అన్నాడు గొంతు తగ్గించి.

"బండ్లు మీ ఫ్యాక్టరీవే సాబ్. తొవ్వ ఆపింది మీరు, తీసింది మేము."

ఆయన రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "వచ్చే శనివారం జర జల్ది రాండ్రి" అని వెళ్లిపోయాడు.

మాస్టర్ పెట్టె తెరిచి తెల్ల చొక్కాలు పంచారు. నాది అందిస్తూ అన్నారు: "మెత్త రీడు పెట్టు పేపరాయనా. పేకాటోళ్లు తల ఎత్తొద్దు."